ఖాకీ నుంచి ఖద్దరుకు: పోలీసు ఉద్యోగుల ఎన్నికల పోటీపై ఆంక్షల చరిత్ర

వ్యాససంగ్రహం

పోలీసు ఉద్యోగంలో ఉన్న వ్యక్తి చట్టసభకు పోటీ చేయరాదన్నది నేడు అందరూ అంగీకరించే నియమం. అయితే ఈ నియమం ఒకే కాలంలో, ఒకే కారణంతో ఏర్పడలేదు. పోలీసు ప్రభుత్వం చేతిలో ఎన్నికల సాధనంగా మారుతుందన్న భయం, పోలీసు జాతీయోద్యమం వైపు మొగ్గుతాడన్న భయం, కార్యనిర్వాహక శాఖ శాసనశాఖను లోబరచుకుంటుందన్న భయం అనే మూడు వేర్వేరు భయాలు వేర్వేరు కాలాల్లో దీనికి రూపమిచ్చాయి. రాజీనామా చేసిన మరునాడే పోటీకి దిగే అధికారుల విషయంలో ఇప్పుడు నాలుగో భయం ముందుకొచ్చింది. పాత ఆంక్షలు ఈ కొత్త సమస్యకు ఎంతవరకు సరిపోతాయో మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాదు రాజ్యం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల అనుభవాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పోలీసు చట్టం, లాభదాయక పదవి, ప్రవర్తనా నియమావళి, గ్రామ మునసబు, పోలీసు పటేలు, స్వచ్ఛంద పదవీ విరమణ, విరామ కాలం.

1. ఉపోద్ఘాతం

2019 లోక్‌సభ ఎన్నికల్లో హిందూపురం స్థానానికి గోరంట్ల మాధవ్ అభ్యర్థి అయ్యారు. అంతకు కొద్ది నెలల ముందు వరకు ఆయన అనంతపురం జిల్లాలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు. స్వచ్ఛంద పదవీ విరమణకు ఆయన పెట్టుకున్న దరఖాస్తుకు ఆమోదం లభించకపోవడంతో పరిపాలనా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. ట్రిబ్యునల్ ఆయనకు అనుకూలంగా ఆదేశమిచ్చింది. వివాదం హైకోర్టుకు వెళ్లినా ఆ ఆదేశమే నిలిచింది. నామినేషన్ చెల్లింది, ఆయన గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు.

ఈ ఉదంతంలో రెండు పరస్పర విరుద్ధమైన ప్రశ్నలున్నాయి. నిన్నటిదాకా ఒక ప్రాంతంలో అరెస్టు చేసే అధికారం, కేసు నమోదు చేసే అధికారం చేతిలో ఉంచుకున్న వ్యక్తి, నేడు అదే ప్రాంతంలో ఓటు అడగడం న్యాయమేనా అన్నది మొదటిది. ఒక పౌరుడు పోటీ చేయగలడా లేదా అన్నది, అతని రాజీనామాను ఆమోదించే అధికారమున్న ప్రభుత్వం ఇష్టానికి వదిలివేయడం న్యాయమేనా అన్నది రెండోది. ఆ ప్రభుత్వాన్ని నడుపుతున్న పార్టీ కూడా అదే ఎన్నికల్లో పోటీదారు అయినప్పుడు ఈ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. ఈ రెండింటికీ సమాధానం వెతకాలంటే, పోలీసును రాజకీయాలకు దూరంగా ఉంచాలన్న ఆలోచన ఎక్కడ పుట్టి, ఏ దారిలో ఇక్కడికి చేరిందో తెలుసుకోవాలి.

2. లండన్ మూలాలు: ఓటు లేని పోలీసు

ఆధునిక పోలీసు వ్యవస్థకు మాతృకగా చెప్పే లండన్ మెట్రోపాలిటన్ పోలీసు 1829లో చట్టం ద్వారా ఏర్పడింది. నాటి ఆంగ్ల సమాజంలో జీతం తీసుకునే పోలీసు బలగంపై గట్టి అనుమానం ఉండేది. రాజు చేతిలో, మంత్రుల చేతిలో అది కొత్త సైన్యం అవుతుందని, ఎన్నికల్లో ప్రభుత్వ అభ్యర్థుల పక్షాన ఓటర్లను బెదిరిస్తుందని ప్రజలు భయపడ్డారు. ఆ భయానికి సమాధానంగా 1829 చట్టం పోలీసుకు ఓటు హక్కును నిరాకరించింది. ఓటరును ప్రభావితం చేయడానికి ప్రయత్నించినా శిక్షే.

ఆ నిషేధంలో గమనించదగిన విశేషం ఒకటుంది. అది దేశమంతటికీ వర్తించలేదు. ఆ బలగం పనిచేసే లండన్, వెస్ట్‌మినిస్టర్, మిడిల్‌సెక్స్, సర్రే, వాటి పరిసర కౌంటీల ఎన్నికలకే పరిమితమైంది. అంటే నాటి శాసనకర్తల దృష్టిలో దోషం పోలీసు అనే వ్యక్తిలో లేదు. అతడు అధికారం చెలాయించే ప్రాంతానికీ అతని ఓటుకూ మధ్య గల సంబంధంలో ఉంది. కాలక్రమంలో ఈ నిషేధం అవమానకరమన్న అభిప్రాయం బలపడింది. 1887లో పార్లమెంటు ఎన్నికలకు, 1893లో పురపాలక ఎన్నికలకు పోలీసుల ఓటు హక్కును పునరుద్ధరించారు.

అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున చరిత్ర వేరే దారి పట్టింది. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో కౌంటీ శాంతిభద్రతల అధికారి అయిన షెరీఫ్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. అక్కడ ఆ పదవే రాజకీయ పదవి. అయినా జీతగాడైన పోలీసుకు అదే దేశంలో ఆంక్షలు తప్పలేదు. రాజకీయ కార్యకలాపాల కారణంగా ఉద్యోగం కోల్పోయిన న్యూ బెడ్‌ఫర్డ్ పోలీసు ఒకరు వేసిన దావాలో 1892లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం తీర్పునిస్తూ, రాజకీయాలు మాట్లాడే హక్కు అతనికి ఉండవచ్చు గాని పోలీసుగా కొనసాగే రాజ్యాంగ హక్కు మాత్రం లేదని చెప్పింది. ఆ తీర్పు రాసినది న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్. 1939 నాటి హాచ్ చట్టం సమాఖ్య ఉద్యోగులపై ఆంక్షలు పెట్టగా, మరుసటి ఏడాది సవరణ వాటిని సమాఖ్య నిధులతో ముడిపడిన రాష్ట్ర, స్థానిక ఉద్యోగులకూ విస్తరించింది. దీనివల్ల స్థానిక పోలీసులు చిన్న చిన్న పదవులకు సైతం పార్టీ అభ్యర్థులుగా నిలబడలేకపోతున్నారన్న విమర్శ రావడంతో, 2012లో చట్టాన్ని సడలించారు. జీతం మొత్తం సమాఖ్య నిధుల నుంచే పొందే స్థానిక ఉద్యోగులకు మాత్రమే పోటీ నిషేధం మిగిలింది. ఏ దేశంలోనైనా ఈ నియమం రాతిమీది గీత కాదని, అక్కడి భయాలను బట్టి మారుతూ వచ్చిందని ఈ రెండు చరిత్రలు తెలుపుతున్నాయి.

3. మద్రాసు ప్రెసిడెన్సీ: పన్ను వసూలుదారే పోలీసు

తెలుగు నేలపై ఈ ప్రశ్నకు నేపథ్యం భిన్నమైనది. కంపెనీ పాలనకు ముందు పాలెగాళ్లు, కావలికార్లు ఊళ్లకు రక్షణ కల్పించి, అందుకు ప్రతిఫలంగా కావలి రుసుము వసూలు చేసేవారు. రక్షకుడే పాలకుడు, వారి మధ్య గీత లేదు. కంపెనీ ప్రభుత్వం ఈ కావలి అధికారాలను క్రమంగా తొలగించింది. 1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన నిబంధనలు పోలీసు బాధ్యతను కలెక్టరు, తహసీలుదారు, గ్రామ మునసబుల చేతిలో పెట్టాయి. శిస్తు వసూలు చేసేవాడే నేరాలనూ విచారించే ఏర్పాటు ఇది.

దీని పర్యవసానం 1855లో వెలుగు చూసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకు, నేరాంగీకారానికి చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణలపై ఏర్పడిన విచారణ సంఘం ఆ ఆరోపణలు నిజమని తేల్చింది. రెవిన్యూ అధికారం, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండటం ఈ దౌర్జన్యానికి ఒక ముఖ్య కారణంగా కనిపించింది. ఫలితంగా 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ జనరల్ అధీనంలో ప్రత్యేక పోలీసు శాఖ రూపుదిద్దుకుంది. కోస్తా, రాయలసీమ జిల్లాల ప్రజలకు తెలిసిన ‘పోలీసు’ ఇక్కడి నుంచే మొదలవుతాడు. ఆ శతాబ్దాంతానికి గురజాడ ‘కన్యాశుల్కం’లో హెడ్డు కనిస్టీబు ఒక పాత్రగా ప్రవేశించేంతగా ఈ వ్యవస్థ పల్లె పట్నాల జీవితంలో కలిసిపోయింది.

1861లో వచ్చిన అఖిల భారత పోలీసు చట్టం పోలీసు అధికారి ఎల్లవేళలా విధిలో ఉన్నట్లే పరిగణించాలని చెప్పింది. అనుమతి లేకుండా మరో వృత్తి చేపట్టరాదని నిర్దేశించింది. ఎన్నికల ప్రస్తావన అందులో లేదు. అప్పటికి ప్రజలు ఎన్నుకునే చట్టసభలే లేవు. కాని ‘ఎల్లవేళలా విధిలో ఉన్నవాడు’ అన్న భావన తర్వాతి ఆంక్షలన్నింటికీ బీజం. గుమాస్తాకు సాయంత్రం తర్వాత సొంత జీవితం ఉంటుంది, పోలీసుకు ఉండదు. రాజకీయ జీవితం ఉండే ప్రశ్న అంతకన్నా లేదు.

4. జాతీయోద్యమం: విధేయత పేరిట ఆంక్ష

1919 భారత ప్రభుత్వ చట్టంతో పరిమితమైన ఓటర్ల ద్వారా ఎన్నికయ్యే సభ్యులు అధిక సంఖ్యలో మద్రాసు శాసనమండలిలోకి వచ్చారు. ప్రభుత్వోద్యోగి ఎన్నికకు అర్హుడు కాడని ఆ చట్టం స్పష్టంగా చెప్పింది. అయితే అదే చట్టం ప్రభుత్వోద్యోగులను నామినేషన్ ద్వారా సభ్యులుగా కూర్చోబెట్టడానికి వీలు కల్పించింది. ఉద్యోగి ప్రజల ఓటుతో సభలోకి రారాదు గాని, గవర్నరు పిలుపుతో వచ్చి ప్రభుత్వ పక్షాన ఓటు వేయవచ్చు. నాటి ఆంక్ష లక్ష్యం రాజకీయ తాటస్థ్యం కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. అది విధేయతను కాపాడుకునే ఏర్పాటు.

సహాయ నిరాకరణోద్యమ కాలంలో ఈ భయం మరింత స్పష్టమైంది. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వాన సాగిన పన్నుల నిరాకరణోద్యమంలో గ్రామోద్యోగులు పదవులు వదులుకున్నారు. మునసబు రాజీనామా చేస్తే శిస్తు లెక్కతో పాటు ఊరి పోలీసు బాధ్యత కూడా ఆగిపోతుంది. ప్రభుత్వానికి అట్టడుగున ఉన్న ఉద్యోగి విధేయత ఎంత విలువైనదో ఆ ఉద్యమం చూపింది. 1922లోనే పోలీసుల్లో అసంతృప్తిని రెచ్చగొట్టడాన్ని నేరంగా పరిగణించే ప్రత్యేక చట్టాన్ని కేంద్రంలో చేశారు. పోలీసును ఉద్యోగం మానమని ప్రేరేపించేవాడు ఆ చట్టం కింద శిక్షార్హుడు.

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ ఎన్నికల రాజకీయమే లేనందువల్ల పోటీ నిషేధం ప్రశ్న తలెత్తలేదు. నగర కొత్వాలు పదవి పోలీసు పదవే అయినా దాని పరపతి అంతకు మించినది. 1920 నుంచి 1934 వరకు ఆ పదవిలో ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి తెలుగువారి విద్యావ్యాప్తికి, ముఖ్యంగా రెడ్డి హాస్టలు వంటి సంస్థల నిర్మాణానికి చేసిన కృషి తెలంగాణ సామాజిక చరిత్రలో ప్రసిద్ధం. పోలీసు పదవి నుంచి ప్రజల్లో పలుకుబడి పుట్టగలదన్న సంగతికి ఆయన జీవితం ఒక సాక్ష్యం. ప్రజాస్వామ్యం వచ్చాక ఆ పలుకుబడి ఓటుగా మారగలదన్నదే అసలు సమస్య.

5. రాజ్యాంగం: లాభదాయక పదవి

1935 భారత ప్రభుత్వ చట్టం ఉద్యోగుల అనర్హతను ‘లాభదాయక పదవి’ అన్న భావనలోకి మార్చింది. దీని మూలం 1701 నాటి ఆంగ్ల వారసత్వ చట్టంలో ఉంది. రాజు పదవులు ఎరవేసి పార్లమెంటు సభ్యులను లోబరచుకోకుండా ఆపడం నాటి ఉద్దేశం. భారత రాజ్యాంగంలోని 102, 191 అధికరణాలు అదే భావనను స్వీకరించాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద లాభదాయక పదవిలో ఉన్న వ్యక్తి పార్లమెంటుకు గాని శాసనసభకు గాని ఎన్నిక కావడానికి అనర్హుడు. పోలీసు ఉద్యోగి కూడా ఇందులోనే చేరతాడు. ఇక్కడ పోలీసు కాబట్టి అనర్హత రాలేదు. ప్రభుత్వ జీతగాడు కాబట్టి వచ్చింది.

ఈ సాధారణ సూత్రంలో పోలీసు అధికారానికి ప్రత్యేక స్థానం ఇచ్చిన చట్టం 1959లో వచ్చింది. ఏయే పదవులు పార్లమెంటు సభ్యత్వానికి అడ్డుకావో తెలిపే అనర్హతా నివారణ చట్టం అది. హోంగార్డు సభ్యునికి అందులో మినహాయింపు ఉంది. శిస్తులో వాటా లేదా కమిషను ప్రతిఫలంగా పొందే గ్రామ రెవిన్యూ అధికారికి కూడా, అతని పేరు పటేలైనా మరేదైనా, మినహాయింపు ఉంది. కాని ఒక షరతు మీద. అతడు పోలీసు విధులు నిర్వర్తించకూడదు.

తెలుగు పల్లెల పదవుల తీరు తెలిసినవారికి ఈ షరతు బలం వెంటనే అర్థమవుతుంది. తెలంగాణ గ్రామాల్లో శిస్తు చూసే మాలీ పటేలు వేరు, శాంతిభద్రతలు చూసే పోలీసు పటేలు వేరు. ఆంధ్ర ప్రాంతపు మునసబు చేతిలో రెండు పనులూ ఉండేవి. 1959 చట్టం గీసిన గీత సరిగ్గా మాలీ పటేలుకూ పోలీసు పటేలుకూ మధ్య నుంచి వెళ్తుంది. ప్రతిఫలం స్వల్పమే అయినా, పూర్తికాలపు ఉద్యోగం కాకపోయినా, పోలీసు అధికారం ఉన్నచోట మినహాయింపు లేదు. జీతం కాదు, అధికారమే ప్రమాదకరమన్న గుర్తింపు భారతీయ ఎన్నికల చట్టంలో ఇంత సూటిగా మరెక్కడా కనిపించదు.

మునసబు పదవి స్వభావం మీద అంతకుముందే చర్చ మొదలైంది. గుంటూరు జిల్లా తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవి గురించి వచ్చిన వ్యాజ్యంలో 1960లో సుప్రీంకోర్టు, అది రాజ్యం కింది పదవేనని, వంశపారంపర్యంగా కట్టబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చింది. చివరకు 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా మునసబు, కరణం, పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసింది. పోలీసు అధికారం, స్థానిక రాజకీయ పలుకుబడి ఒకే ఇంట్లో కలిసి ఉన్న చివరి వ్యవస్థ అలా ముగిసింది.

6. ప్రవర్తనా నియమాలు, 1966 చట్టం

అనర్హత అనేది నామినేషన్ నాటికి సంబంధించిన విషయం. ఉద్యోగంలో ఉండగా రాజకీయాల్లో పాల్గొనకుండా చూసేవి ప్రవర్తనా నియమాలు. అఖిల భారత సర్వీసులకు 1968లో వచ్చిన నియమావళి ప్రకారం ఐ.పి.ఎస్. అధికారి రాజకీయ పార్టీలో సభ్యుడు కారాదు. చట్టసభ, స్థానిక సంస్థల ఎన్నికల్లో ప్రచారం చేయరాదు. ఓటు వేయవచ్చు గాని ఎవరికి వేసేదీ, ఎవరికి వేసిందీ తెలియనీయరాదు. రాష్ట్ర పోలీసులకు రాష్ట్ర నియమావళులు ఇదే పద్ధతిని అనుసరిస్తాయి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం మరింత ముందుకెళ్లి, ఏ పోలీసు సిబ్బందైనా ఓటరును ఏ అభ్యర్థికైనా ఓటు వేయమని గాని వేయవద్దని గాని ఒప్పించడానికి ప్రయత్నిస్తే శిక్షార్హమని చెప్పింది. పోలీసుల సహాయం పొందిన అభ్యర్థి చర్యను అవినీతికర చర్యగా పేర్కొంది.

ఇతర ఉద్యోగులకూ పోలీసులకూ మధ్య తేడాను స్థిరపరచినది రాజ్యాంగంలోని 33వ అధికరణం. సైన్యంతో పాటు శాంతిభద్రతల బాధ్యత గల బలగాల ప్రాథమిక హక్కులను పార్లమెంటు పరిమితం చేయవచ్చునని అది చెబుతుంది. బీహారు ఉద్యోగుల ప్రదర్శనలపై నిషేధానికి సంబంధించి 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో తీర్పునిస్తూ, సుప్రీంకోర్టు ఈ అధికరణాన్ని ప్రస్తావించింది. రాజ్యాంగం ప్రత్యేకంగా పేర్కొన్న బలగాలకు వర్తించే ఆంక్షలను సాధారణ ఉద్యోగులకు విస్తరించరాదన్నది దాని సారాంశం. నాలుగేళ్లకు, 1966లో, పార్లమెంటు పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం చేసింది. అనుమతి లేకుండా కార్మిక సంఘంలో గాని రాజకీయ సంఘంలో గాని చేరడం, రాజకీయ ప్రయోజనం గల సభల్లో, ప్రదర్శనల్లో పాల్గొనడం అప్పటి నుంచి నేరం. రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఈ చట్టం భారం అందరి మీదా ఒకేలా పడదు. ఐ.పి.ఎస్. అధికారికి సంఘం లేకపోయినా మాట వినేవారుంటారు. కానిస్టేబుల్‌కు సంఘమే గొంతు. పని గంటలు, సెలవులు, వసతి వంటి ఉద్యోగ సమస్యలను పైకి చెప్పుకోవడానికి అతనికి ఉన్న దారులు ఈ చట్టంతో మరింత ఇరుకయ్యాయి. తాటస్థ్యం కోసం కట్టిన గోడ కింద మొదట నలిగినది అడుగు వరుసలోని పోలీసు.

7. రాజీనామా మరునాడు

పైన చెప్పిన చట్టాలన్నీ యూనిఫాంలో ఉన్నవారికే. యూనిఫాం విప్పిన క్షణం నుంచి అవి వర్తించవు. నామినేషన్ల పరిశీలన తేదీ నాటికి ఉద్యోగ బంధం తెగిపోయి ఉంటే చాలు. అవినీతి లేదా రాజ్యం పట్ల అవిధేయత కారణంగా డిస్మిస్ అయినవారికి మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం అయిదేళ్ల అనర్హత విధిస్తుంది. స్వయంగా వైదొలగినవారికి ఎలాంటి విరామమూ లేదు.

తెలుగు రాష్ట్రాల అనుభవంలో ఈ ఖాళీ కాలం పొడవు రకరకాలుగా ఉంది. 1993 నుంచి 1996 వరకు సి.బి.ఐ. డైరెక్టరుగా ఉన్న కె. విజయరామారావు పదవీ విరమణ తర్వాత మూడేళ్లకు, 1999లో ఖైరతాబాదు నుంచి శాసనసభకు ఎన్నికై మంత్రి అయ్యారు. ఉమ్మడి రాష్ట్ర డి.జి.పి.గా 2013లో విరమణ చేసిన వి. దినేష్‌రెడ్డి 2014లో మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో పోటీ చేసి ఓడిపోయారు. మహారాష్ట్ర క్యాడరుకు చెందిన వి.వి. లక్ష్మీనారాయణ 2018లో స్వచ్ఛందంగా విరమించి 2019లో విశాఖపట్నం నుంచి పోటీ చేశారు, ఆయనా గెలవలేదు. 2021 జూలైలో విరమించిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ 2023లో సిర్పూరులో, 2024లో నాగర్‌కర్నూలులో ఓటమి చవిచూశారు. గెలుపోటముల జాబితా ఒక సంగతి చెబుతోంది. ఖాకీ తెచ్చిన పేరు ఓట్లకు హామీ కాదు. ఓటరు తన విచక్షణను వదులుకోలేదు.

దేశంలో మిగతా చోట్ల అంతరం మరింత కుదించుకుపోయింది. 2014 జనవరిలో ముంబై పోలీసు కమిషనరు పదవికి రాజీనామా చేసిన సత్యపాల్ సింగ్ కొద్ది నెలల్లోనే బాగ్‌పత్ నుంచి లోక్‌సభకు గెలిచారు. 2022 ఉత్తరప్రదేశ్ శాసనసభ ఎన్నికలకు కొద్ది వారాల ముందు కాన్పూరు పోలీసు కమిషనరు అసీం అరుణ్ స్వచ్ఛందంగా విరమించి కన్నౌజ్‌లో గెలిచారు. 2020లో బీహారు డి.జి.పి. గుప్తేశ్వర్ పాండే ఎన్నికల ముందు విరమించి పార్టీలో చేరినా ఆయనకు టికెట్టు దక్కలేదు. ఇక 2024లో పశ్చిమ బెంగాల్‌లో ఐ.పి.ఎస్. వదిలి వచ్చిన దేబాశిష్ ధర్ బీర్‌భూమ్‌లో వేసిన నామినేషన్, బకాయిలు లేవన్న ధ్రువపత్రం జతచేయలేదన్న కారణంతో తిరస్కరణకు గురైంది.

ఒకే కోవకు చెందినవిగా కనిపించే ఈ ఉదంతాల్లో నిజానికి రెండు తరగతులున్నాయి. ప్రభుత్వంలో ఉన్న పార్టీ వైపు వెళ్లే అధికారికి విరమణ కాగితాలు త్వరగా కదిలే అవకాశం ఉంది. ప్రతిపక్షం వైపు వెళ్లే అధికారికి అదే కాగితం అడ్డుగోడ కాగలదు. ఎక్కడైనా అలా జరిగిందా లేదా అన్నది ఆయా కేసుల విషయం. అలా జరగడానికి వ్యవస్థలో వీలుండటమే లోపం. రాజీనామా ఆమోదం అన్న ప్రక్రియ శాఖాపరమైన క్రమశిక్షణ కోసం ఏర్పడినది. విధేయతే ప్రధానంగా భావించిన కాలపు వారసత్వం అది. దాన్ని ఎన్నికల అర్హతకు ద్వారపాలకుడిగా నిలబెట్టడం వల్ల తాటస్థ్యం కాపాడే పని పక్షపాతానికి అవకాశమున్న చేతుల్లో పడింది.

8. విరామ కాలం: వాదప్రతివాదాలు

విరమణకూ పోటీకీ మధ్య తప్పనిసరి విరామం ఉండాలని ఎన్నికల సంఘం 2012లో సూచించింది. అటార్నీ జనరల్ అభిప్రాయం తీసుకున్న మీదట, సమానత్వ సూత్రం ముందు ఆ నిబంధన నిలవకపోవచ్చన్న కారణంతో కేంద్రం దాన్ని స్వీకరించలేదు. 2022లో ఇదే కోరికతో దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, విరామం ఉండాలా వద్దా అన్నది శాసనకర్తలు తేల్చవలసిన విషయమని చెప్పింది.

విరామం కోరేవారి వాదనలో బలముంది. విరమణ తర్వాత ప్రైవేటు వాణిజ్య ఉద్యోగంలో చేరాలంటే ఉన్నతాధికారి ఒక ఏడాది వరకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. కంపెనీలో చేరడానికి ఉన్న అడ్డు పార్టీలో చేరడానికి లేదు. రేపటి టికెట్టు కోసం ఈరోజు దర్యాప్తు దారి మళ్లవచ్చునన్నది వారి ఆందోళన. ఈ నాలుగో భయం మునుపటి మూడింటికీ భిన్నమైనది. ఇక్కడ అనుమానం పోటీ చేసే రోజు మీద కాదు. అంతకు ముందు ఉద్యోగంలో గడిచిన నెలల మీద.

వ్యతిరేక వాదన కూడా తేలికైనది కాదు. విరమించిన ఉద్యోగి పౌరుడే. న్యాయమూర్తులకు, ఇతర పదవుల్లోని వారికి లేని నిషేధం పోలీసుకే ఎందుకన్న ప్రశ్న సహజం. అయితే పోటీ హక్కు ప్రాథమిక హక్కు కాదని, చట్టం ఇచ్చిన హక్కని, మద్రాసు రాష్ట్రంలోని నామక్కల్ నియోజకవర్గం నుంచి వచ్చిన పొన్నుస్వామి కేసులో 1952లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2003లో జావేద్ కేసులో ఆ మాటను మళ్లీ ఖాయపరచింది. కాబట్టి సహేతుకమైన విరామాన్ని చట్టం విధించడానికి మౌలికమైన అడ్డంకి లేదు. అది ఎవరికి, ఎంతకాలం, ఎక్కడ అన్నదే ప్రశ్న.

9. ముగింపు

చరిత్ర క్రమాన్ని చూస్తే, మనకు దక్కిన ఆంక్షలు నేటి సమస్యకు సగమే సరిపోతున్నాయని తెలుస్తుంది. లాభదాయక పదవి నియమం ఉద్యోగిని సభలోకి రానివ్వదు. రాజీనామా చేసినవాడి విషయంలో మౌనంగా ఉంటుంది. ప్రవర్తనా నియమాలు, 1966 చట్టం అడుగు వరుస పోలీసు నోరు కట్టేస్తాయి. పై వరుసలోని అధికారి మనసులోని లెక్కను పట్టుకోలేవు. మిగిలిన ఒకే ఒక ఆయుధమైన రాజీనామా ఆమోదం ప్రభుత్వం చేతిలో ఉంది.

1829 నాటి చట్టం ఇక్కడ ఒక దారి చూపుతుంది. ఆ చట్టం పోలీసును పౌరసత్వం నుంచి వెలివేసిన తీరు అంగీకారయోగ్యం కాదు. కాని నిషేధాన్ని అతని అధికార పరిధికి ముడిపెట్టిన తర్కం నేటికీ పనికివస్తుంది. భారత ఎన్నికల సంఘం ఇప్పటికే అదే తర్కాన్ని పాటిస్తోంది. ఎన్నికల ముందు పోలీసు అధికారులను సొంత జిల్లా నుంచి, మూడేళ్లుగా పాతుకుపోయిన చోటు నుంచి బదిలీ చేయించడం ఆ సూత్రం ఆధారంగానే. బదిలీకి చెల్లిన సూత్రం పోటీకి చెల్లకపోవడానికి కారణం కనిపించదు. అధికారి చివరిగా పనిచేసిన పరిధిలో మాత్రమే కొద్దికాలం పోటీని ఆపే నిబంధన, దేశవ్యాప్త నిషేధం కన్నా తేలికైనది, లక్ష్యానికి దగ్గరైనది. రాష్ట్రమంతా పరిధిగా గల డి.జి.పి.కి అది బరువుగా, ఒక స్టేషను పరిధిలోని కానిస్టేబుల్‌కు తేలికగా తనంతట తానే సర్దుకుంటుంది. దానికి తోడు రాజీనామాను నిర్ణీత గడువులోగా తేల్చాలన్న నియమం ఉంటే ప్రభుత్వం చేతిలోని అడ్డుగోడ కూలుతుంది.

పాలెగాడి కావలిలో రక్షణా రాజ్యమూ ఒకటే. వాటిని వేరు చేయడానికి 1859 చట్టం నుంచి 1984 ఆర్డినెన్సు వరకు నూట ఇరవై అయిదేళ్లు పట్టింది. ఆ ఎడబాటును నిలుపుకోవడం, అదే సమయంలో పోలీసులోని పౌరుణ్ణి గౌరవించడం, రెండూ ప్రజాస్వామ్యానికి అవసరమే. ఒకదాని పేరిట మరొకదాన్ని బలిపెట్టని చట్టం ఇంకా రావలసి ఉంది.